గుర్రం కంట్లో మెరుపెందుకు?

ఛందస్సు గురించో, పాత సామెతల గురించో రాసుకునే ఈ పంతులుకు గుర్రప్పందేలలో ఫోటోల గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. ఎందుకో చెప్పడానికే ఈ టపా. ఇది కాస్త కోపంతో రాస్తున్నది. వ్యాకరణం మీద తప్ప కోపం తెచ్చుకోనని నాకొక పేరున్నది. ఈసారికి ఆ పేరు పోతే పోనివ్వండి.

అనకాపల్లి చుట్టుపక్కల పల్లెలలో సంక్రాంతి వెళ్ళగానే తీర్థాలు మొదలవుతాయి. కనుమనాడు శంకరం దగ్గర బొజ్జన్నకొండ తీర్థంతో మొదలుపెట్టి, కొత్త అమావాస్యకు గవరపాలెం నూకాలమ్మ జాతర దాకా, ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక సందడి ఉంటూనే ఉంటుంది. కోతలయిన మళ్ళలో గట్లు చదును చేసి, రెండు వైపులా తాళ్ళు కట్టి, ఎడ్ల పరుగులు, గుర్రప్పందేలు పెడతారు. ఈ తీర్థాలకు నేను చిన్నప్పుడు మా నాన్నగారి భుజాల మీద వెళ్ళాను, తరువాత పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళాను, ఇప్పుడు చేతికర్రతో వెళుతున్నాను.

2024 ఫిబ్రవరిలో ఒక తీర్థానికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. ఆ ఊరిని రచ్చకెక్కించడం నా ఉద్దేశం కాదు. మధ్యాహ్నం మూడింటికి మొదలు కావలసిన పందేలు అతిథిగారి కారు రాక అయిదున్నరకు మొదలైనవి. గుర్రాల వంతు వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్న విద్యార్థి ఒకడు, ఇప్పుడు బెల్లం వంట చేయించే రైతు, రెండేళ్ళుగా ఒక గుర్రాన్ని పెంచుతున్నాడు. ఇంట్లో పిల్లలకు పాలు తగ్గినా గుర్రానికి ఉలవలు తగ్గనివ్వలేదని అతని భార్య నవ్వుతూనే నాతో చెప్పింది. రౌతు అతని కొడుకే. పాలిటెక్నిక్ చదువుతున్న కుర్రవాడు.

గుర్రం బాగానే వచ్చింది. చివరి తాడు ఇంకా ముప్పై నలభై గజాలుందనగా, బరి లోపల, ఎదురుగా నేలమీద ఒక మోకాలు ఆన్చి కూర్చున్న ఫోటోగ్రాఫరు చేతిలో తెల్లని మెరుపు మెరిసింది. వెంటనే రెండోసారి మెరిసింది. గుర్రం పక్కకు విరుచుకుపడింది. కుర్రవాడు తాడు మీదుగా జనంలో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. గుర్రం తాడును తెంచుకొని, చెరకు తోటలో దూరి, గంట తరువాత గాని దొరకలేదు. ఇంతకన్న ఘోరం జరగకపోవడం మన అదృష్టం. తాడు పక్కనే ఒక తల్లి చంటిబిడ్డతో నిలుచుని ఉన్నది.

ఆసుపత్రిలో ఆ పిల్లవాడిని పలకరిస్తే వాడు చెప్పిన మాట ఇది: "మాస్టారూ, గుర్రాన్ననకండి. నాకే ఎదరేటుందో కనపళ్ళేదు. తెల్లగా అయిపోనాది." ఆ ఏడాది వాడు పరీక్షలు రాయలేకపోయాడు. డ్రాయింగు గీయవలసిన చేయి అది.

గుర్రం మెరుపుకే బెదిరిందని రుజువేమిటి అని నన్ను అడిగిన పెద్దలున్నారు. న్యాయస్థానంలో నిలిచే రుజువు నా దగ్గర లేదు. డప్పు మోగుతున్నది, జనం అరుస్తున్నారు, అదీ నిజమే. కాని ఆ డప్పూ ఆ అరుపులూ మొదటి గజం నుంచీ ఉన్నాయి. గుర్రం వాటి మధ్యనే పరుగెత్తి వచ్చింది. కొత్తగా వచ్చి చేరినది ఆ మెరుపు ఒక్కటే. నా కళ్ళతో చూసినది ఇది. నాతోపాటు చూసినవారు మరో వంద మంది ఉంటారు.

ఇక కోపం ఎందుకో చెబుతాను. మరుసటి ఏడు, 2025లో, అదే తీర్థంలో నిర్వాహక సంఘం వారు ఒక బోర్డు పెట్టారు: "పందెముల వద్ద ఫోటోలు తీయుట నిషేదము". (ధకారానికి ఒత్తు లేదు. ఆ ఒత్తును నేనే సుద్దముక్కతో పెట్టి వచ్చాను. అది వేరే సంగతి.) బోర్డు ప్రకారం వాలంటీర్లు తాడు వెంబడి తిరిగి, చరవాణులు పైకెత్తిన పిల్లలందరినీ కసిరారు. ఒక అమ్మాయి చేతిలోని ఫోను లాక్కున్నారు కూడా. మరి బరి లోపల, ఎదురుగా, మోకాలు ఆన్చి ఎవరున్నారనుకుంటున్నారు? అదే మనిషి, అదే మెరుపు దీపం! అడిగితే, "ఆయన మనోడే మాస్టారూ, కమిటీ తరపున తీస్తన్నాడు, పేపరోళ్ళకి ఇవ్వాలి గదా" అన్నారు.

ఈ రెండేళ్ళ అనుభవంలో మన ఆంక్షల తీరు మొత్తం కనిపిస్తుంది. ప్రమాదానికి కారణమైన దానిని వదిలి, దానితో పోలిక ఉన్న నిరపాయమైన దానిని నిషేధించడం. పట్టపగలు, తాడు వెనుక నిలబడి, మెరుపు లేకుండా ఫోను పట్టుకున్న పిల్ల వల్ల గుర్రానికి వచ్చే నష్టం ఏమిటి? ఏమీ లేదు. ఆ పిల్లను ఆపడం సులభం. కమిటీ మనిషిని ఆపడం కష్టం. సులభమైనది చేసి, కష్టమైనది చేశామని బోర్డు పెట్టుకున్నాం.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఈ సంగతి ఫోనులో చెబితే వాడు నవ్వి, "మావయ్యా, ఇక్కడ డ్రాగ్ రేసుల్లో ఈ గొడవ ఎప్పుడో తేల్చేశారు" అన్నాడు. డ్రాగ్ రేసు అంటే ఏమిటో వాడే వివరించాడు. 'డ్రాగ్' అంటే ఈడ్వడం గనుక మన బండలాగుడు పోటీయే అసలైన డ్రాగ్ రేసని నేను వాదించబోయాను గాని వాడు ఒప్పుకోలేదు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని దారిలో పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, పరుగెత్తడం దాని పద్ధతి. అన్నిటికన్న వేగమైన తరగతి వాటికి 2008 నుంచి వెయ్యి అడుగులకు కుదించారు. అవి గంటకు 500 కిలోమీటర్లు దాటిపోతాయి. మన దేశంలోనూ ఈ పందేలు లేకపోలేదు. మహారాష్ట్రలో ఆంబీ వ్యాలీ విమానాల దారి మీద జరిగే వ్యాలీ రన్ ఆ కోవలోనిదే.

అక్కడ పందెం మొదలు పెట్టేది జెండాతో కాదు, దీపాలతో. 1963 ప్రాంతంలో వచ్చిన ఆ దీపస్తంభానికి, రంగుల వల్ల కాబోలు, క్రిస్మస్ చెట్టు అని పేరు. పై తరగతుల పోటీలలో మూడు పసుపు దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. సెకనులో పదింట నాలుగు వంతుల తరువాత పచ్చదీపం. పచ్చ కనిపించేదాకా ఆగినవాడు ఓడినట్టే. పసుపు మెరవగానే కాలు కదలాలి. తొందరపడితే ఎర్రదీపం, ఆ పందెం పోయినట్టే. కంటికీ కాలికీ మధ్య అంత సన్నని దారం మీద నడిచే ఆటలో, రాత్రివేళ, ఎదురుగా నిలబడి ఇంకొకడు మరో మెరుపు మెరిపిస్తే ఏమవుతుంది? అందుకే ఆరంభరేఖ దగ్గర ఫ్లాష్ మీద చాలాచోట్ల ఆంక్ష. గమనించండి, ఆంక్ష ఫ్లాష్ మీద, ఫోటో మీద కాదు. గొట్టాలలోంచి మంటలు చిమ్ముతూ దూకే ఆ కార్ల ఫోటోలు రాత్రిపూట తీసినవి వందల కొద్దీ ఉన్నాయి. మంటను ఫ్లాష్ వేసి తీస్తే మంట కనిపించదు అన్నాడు మా వాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది.

స్నూకరు బల్ల దగ్గర, జిమ్నాస్టిక్స్ పోటీలలో, బ్రిటన్ గుర్రప్పందేల మైదానాలలో కూడా ఫ్లాష్ పనికిరాదంటారు. వాళ్ళెవరూ ఫోటోలకు శత్రువులు కారు.

కారు నడిపేవాడికి కనీసం అది ఫోటో మెరుపని తెలుస్తుంది. గుర్రానికి తెలియదు. గుర్రం కన్ను మన కన్ను వంటిది కాదు. తలకు రెండు పక్కలా ఉంటుంది గనుక, తిరిగి చూడకుండానే దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ముక్కుకు సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనుక కొంచెం మాత్రమే కనపడదు. పైగా నేత్రపటలం వెనుక అద్దం వంటి ఒక పొర ఉంటుంది, టపీటం లూసిడం అంటారు. ఎద్దుకూ ఉంటుంది, పిల్లికీ ఉంటుంది, మనకు లేదు. లోపలికి వచ్చిన వెలుతురును అది మళ్ళీ నేత్రపటలం మీదికే తిప్పి కొడుతుంది. చీకటిలో చూడడానికి ప్రకృతి ఇచ్చిన వరం అది. రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసిన ఎద్దు ఫోటోలో కళ్ళు పచ్చగా మెరుస్తాయి చూడండి, అది ఆ పొర నుంచి తిరిగి వచ్చిన మీ దీపపు వెలుతురే! ఫోటో తీసినవాడు తాను ఆ జీవి కంట్లో ఏమి పోశాడో ఆ ఫోటోలోనే చూసుకోవచ్చు. వెలుగు నుంచి చీకటికి, చీకటి నుంచి వెలుగుకు అలవాటు పడడంలో గుర్రం మనకన్న చాలా నిదానం. సంధ్యవేళ కనుపాప పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. ఆ క్షణంలో మెరుపు.

నిమేషం అంటే రెప్పపాటు. మనవాళ్ళు దానినే కాలానికి కొలతగా పెట్టుకున్నారు. ఫ్లాష్ దీపం వెలిగేది సెకనులో వెయ్యోవంతు, కొన్ని సందర్భాలలో ఇంకా తక్కువ. రెప్ప మూసుకునేలోపే అంతా అయిపోతుంది. దేవతలు అనిమిషులు గనుక వారికి రెప్పపాటు లేదు. మనుషులకూ పశువులకూ రెప్పలున్నాయి గాని, ఈ మెరుపు ముందు ఆ రెప్పలు ఉండీ లేనట్టే.

ఇదంతా పాశ్చాత్య శాస్త్రం, మన పల్లెకు ఎందుకంటారా? అనకాపల్లి స్టేషను బయట జట్కాలు నిలబడిన రోజులు చూసినవారిని అడగండి. జట్కా గుర్రం కళ్ళకు రెండు పక్కలా తోలు ముక్కలు కట్టి ఉండేవి. కళ్ళగంతలు అనేవారు. టపీటం పేరు వినని జట్కావాడికి, పక్కనుంచి హఠాత్తుగా వచ్చిన వెలుగుకూ నీడకూ గుర్రం బెదురుతుందని తెలుసు. ఆ పూట కూలి ఆ బెదురు మీద ఆధారపడి ఉండేది గనుక తెలుసు. నలమహారాజుకు అశ్వహృదయం అనే విద్య తెలుసుననీ, దానిని ఋతుపర్ణుడికి ఇచ్చి అక్షహృదయం తీసుకున్నాడనీ భారతంలో చదివి పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ జట్కావాళ్ళ దగ్గర ఆ విద్యలో ఒక ముక్క ఉండేదని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఒక మిత్రుడు వాదించాడు: ఫ్లాష్ లేకపోతే సాయంత్రం ఫోటో రాదు, ఫోటో రాకపోతే పేపరులో పడదు, పేపరులో పడకపోతే వచ్చే ఏడు చందాలు రావు. ఈ వాదంలో మొదటి మెట్టే తప్పు గనుక తక్కినవి నిలబడవు.

పరుగెత్తే గుర్రం ఫోటో మొట్టమొదట స్పష్టంగా తీసినది 1878 జూన్‌లో, కాలిఫోర్నియాలో పాలో ఆల్టో దగ్గర. తీసినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. తీయించినవాడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్, తరువాత విశ్వవిద్యాలయం స్థాపించినాయన. పరుగులో గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయా లేదా అన్నది తేల్చాలని. బరి పక్కన పన్నెండు కెమేరాలు వరుసగా పెట్టి, దారాలు కట్టి, గుర్రం వాటిని తెంచుకుంటూ పోతుంటే ఒక్కొక్కటి తెరుచుకునేట్టు చేశాడు. ఆనాటి గాజుపలకలకు వెలుతురు చాలా ఎక్కువ కావాలి. అయినా ఫ్లాష్ లేదు. తెల్లని తెర, పట్టపగటి ఎండ, అంతే. కాళ్ళు నాలుగూ నేల వదులుతాయని తేలింది. ఆ గుర్రం పేరు శాలీ గార్డ్నర్. దాదాపు నూట యాభై ఏళ్ళ క్రితం తడి గాజుపలకలతో సాధ్యమైనది, ఈనాడు లక్ష రూపాయల కెమేరాతో సాధ్యం కాదంటే నేను నమ్మాలా?

ఇక తాడు వెనుక నుంచి ఫోనుతో మెరిపించేవారి మాట. వెలుతురు దూరానికి వర్గవిలోమంగా తగ్గుతుంది. రెండింతల దూరంలో నాలుగో వంతు, మూడింతలలో తొమ్మిదో వంతు. పది పన్నెండు అడుగులు దాటితే ఫోను దీపం ఫోటోకు చేసే ఉపకారం దాదాపు ఏమీ లేదు. ముప్పై గజాల అవతలి గుర్రం ఆ దీపంతో వెలగదు; మీ ముందు నిలబడినవాడి తలకాయ మాత్రం తెల్లగా పడుతుంది. మరి ఫోటోకు చాలని వెలుతురు గుర్రం కంటికి మాత్రం ఎందుకు బాధ అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఫోటో కావాలంటే వెలుతురు గుర్రం దాకా పోయి, దాని ఒంటి మీద చెదిరి, మళ్ళీ మీ దాకా రావాలి. కంటికైతే ఆ రానుపోను ప్రయాణం అక్కరలేదు. దీపాన్ని నేరుగా చూస్తుంది. దూరాన ఎదురు వచ్చే లారీ దీపం మీ దారిని వెలిగించదు గాని మీ కళ్ళను మూయిస్తుంది గదా, అలాగే. అయితే ఫోను దీపం చిన్నది, దాని అపకారం కూడా చిన్నదని ఒప్పుకుంటాను. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద ఫ్లాష్ అలా కాదు. అది బరి లోపల, ఎదురుగా, నేలబారున ఉన్నప్పుడు అసలే కాదు.

మరొక ఆక్షేపణ ఎదురువైపు నుంచి వచ్చింది. "ఫ్లాష్ గురించి ఇంత బాధపడేవారు పందేలనే వద్దనరేం?" న్యాయమైన ప్రశ్న. ఎద్దుల పందేల మీద 2014 మే 7న సుప్రీంకోర్టు నిషేధం తీర్పు చెప్పింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టసవరణలు చేసుకుంటే 2023 మే 18న అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాటిని నిలబెట్టింది. అంత పెద్దలు తొమ్మిదేళ్ళు తర్కించిన విషయం మీద ఒక టపాలో తీర్పు చెప్పేటంతటి వాడిని కాను. ముల్లుగర్ర పొడిస్తే మాత్రం నాకు గిట్టదు, అది ఎక్కడ చూసినా చెబుతాను. పందెం జరిగినంత కాలం ఆ జీవి కంటిని కాపాడమని అడగడానికి పందెం మంచిదా చెడ్డదా అన్నది తేలేవరకు ఆగనక్కరలేదు.

డీజే మోతను ఏమీ అనరు, మెరుపునే అంటారేం అన్నవారికి: డీజేను కూడా అంటాను. అడిగితే ఇంకో టపా రాస్తాను. ఒక తప్పును చూపి మరొక తప్పును సమర్థించడం బడిలో పిల్లలు చేసే పని. "వాడు కూడా కొట్టాడండీ" అనే మాట ముప్పై ఏళ్ళు విన్నాను.

అసలు నేను కోరేది చాలా చిన్నది. మొదటిది, పందేలు పొద్దుండగానే ముగించాలి. అతిథిగారు ఆలస్యమైతే బహుమతి ఇవ్వడానికి ఆలస్యంగా రానివ్వండి, గుర్రాలు ఆయన కోసం ఎందుకు ఆగాలి? చీకటి పడక తప్పని పక్షంలో ఎత్తయిన స్తంభాల మీద దీపాలు ముందే వెలిగించి ఉంచాలి. నిలకడగా ఉన్న వెలుతురుకు గుర్రం అలవాటు పడుతుంది, హఠాత్తుగా వచ్చిపోయే దానికే పడదు. బరి లోపల ఎవరూ ఉండరాదు, కమిటీ ఫోటోగ్రాఫరుతో సహా. ఆయన కోసం పక్కన ఒక మంచె వేయండి, ఫోటో ఇంకా బాగా వస్తుంది. కెమేరాను గుర్రంతోపాటు పక్కకు తిప్పుతూ తీస్తే గుర్రం నిలిచి, వెనుక జనం చెదిరి, పరుగంతా ఫోటోలోకి వస్తుంది. ఆ పద్ధతి ఆయనకు నాకన్న బాగా తెలుసు. మైకులో తీర్థం పాటల మధ్య రెండుసార్లు, "ఫోనులో మెరుపు గుర్తు నొక్కి దాని మీద గీత పడేట్టు చేసుకోండి" అని చెప్పించండి. చాలామందికి తమ ఫోను తనంతట తానే మెరుస్తుందని కూడా తెలియదు. ఫోనులు లాక్కోకండి. ఆ ఆడపిల్ల తన అన్న గుర్రాన్ని ఫోటో తీసుకోవాలని వచ్చింది.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. మంచెకు నాలుగు వెదుళ్ళు చాలు. అయినా చేయరు. కారణం, మంచె మీద కూర్చుంటే ఫోటోగ్రాఫరుకు గుర్రం పడుతుంది గాని, దాని వెనుక వేదిక మీద కూర్చున్న పెద్దల ముఖాలు పడవు. ఎదురుగా మోకాలు ఆన్చి తీసిన ఫోటోలో గుర్రం, ఆ వెనుక పెద్దలు, ఆ పైన బ్యానరు, మూడూ ఒక్కసారే పడతాయి. ఆనాటి ఫోటో నేను చూశాను. పేపరులో వచ్చింది. గుర్రం కళ్ళు పచ్చగా ఉన్నాయి. బ్యానరు మీది పేర్లన్నీ చక్కగా చదవవచ్చును.

నా పాత విద్యార్థి గుర్రాన్ని అమ్మలేదు. కుర్రవాడి చేయి అతుక్కున్నది గాని పెన్ను పట్టేటప్పుడు ఇంకా కొంచెం పక్కకు వంచుతాడు. వచ్చే తీర్థంలో మళ్ళీ పరుగు పెడతారట. "ఈపాలి కూడా ఆయన అక్కడే కూకుంటాడా మాస్టారూ?" అని వాడు నన్ను అడిగాడు. సంక్రాంతికి ముందు కమిటీ సమావేశం ఉన్నది, నన్ను కూడా రమ్మన్నారు. పైన రాసినదంతా ఒక కాగితం మీదికి ఎక్కించి పెట్టుకున్నాను. మీలో కెమేరాల సంగతి తెలిసినవారు, సాయంత్రపు వెలుతురులో ఫ్లాష్ లేకుండా పరుగు ఫోటో తీయడానికి ఏ అమరికలు పెట్టుకోవాలో వ్యాఖ్యలలో రాయండి. అచ్చు తీయించి ఆ ఫోటోగ్రాఫరు చేతికే నేరుగా ఇస్తాను.